నక్షాలో లేని నుయ్యి

టాటానగర్‌లో, బర్మామైన్స్ వెనకాల, రైలు పట్టాలకీ కూలీల క్వార్టర్ల లైన్లకీ మధ్య, ఒక ఖాళీ మైదానం ఉండేది. పగలు చూస్తే అక్కడేమీ లేదు — ముళ్ళపొదలు, ఎవరెవరో మట్టి తవ్వుకుపోయిన గోతులు, ఇంజన్లు దులిపిపోయిన బూడిద. మేకలు మేసేవి. కానీ రాత్రి ఫ్యాక్టరీ పదింటి కూత అయ్యాక ఆ మైదానాన్ని అడ్డంగా దాటే మొగాడు ఆ చుట్టుపక్కల లేడు.

దాటితే పది నిమిషాల్లో ఇల్లు. చుట్టూ తిరిగితే అరగంట. ఎనిమిది గంటలు కొలిమి దగ్గర నిలబడొచ్చిన కాళ్ళకి ఆ ఇరవై నిమిషాలు ఎంత బరువో పనిచేసినవాడికే తెలుసు. అయినా చుట్టూ తిరిగే పోయేవారు.

ఎందుకంటే — అక్కడ ఒక ఆడగొంతు వినిపిస్తుంది.

పేరు పెట్టి పిలవదు. ఏడవదు, నవ్వదు. దారి చెబుతుంది. 'అటు కాదు... కుడేపు రా... ఆగు... ఇప్పుడు నడు...' అంటుంది. ఎక్కడో గుసగుసలా మొదలై, చెవి పక్కనే అన్నట్టు వినిపిస్తుంది. మనిషి మాత్రం కనపడదు.

పైగా ఆ గొంతుది తెలుగు. మనవాళ్ళకి అదొక తలవంపు. లైన్లలో బీహారీలు నవ్వేవాళ్ళు — 'యే తో తెలంగీ భూత్ హై భాయ్, తుమ్ హీ సంభాలో' అని. మీ దెయ్యాన్ని మీరే చూసుకోండి అన్నమాట. నవ్వడం వరకే గాని, వాళ్ళూ దాటేవాళ్ళు కాదు.

ఆదిబాబని ఒక ఫిట్టరు, పంతానికి పోయి ఒకసారి దాటాడు. గొంతు 'కుడేపు' అంది. దెయ్యం చెప్పిన వైపు నేను పోతానా అని ఆయన ఎడమ వైపుకి పరుగు లంఘించుకున్నాడు. తెల్లారి మేకలవాళ్ళు చూసేసరికి ఓ గోతి అంచున, కాలు విరిగి, మాటా పలుకూ లేకుండా పడున్నాడు. దెయ్యం తోసేసిందన్నారు. అప్పటితో ఆ చోటి పేరు ఖాయమైపోయింది — పిలుపు మైదానం.

ఇది పందొమ్మిదివందల యాభైఎనిమిది నాటి మాట.

ఆ లైన్లలోనే ఒక క్వార్టర్లో ఏసుదానంగారని ఉండేవారు. నక్షా ఆఫీసులో ట్రేసరు. సర్వేవాళ్ళు పెన్సిలుతో గీసిన నక్షా మీద నీలం రంగు ట్రేసింగ్ గుడ్డ పరిచి, కింద ఉన్నది ఉన్నట్టు నల్ల ఇంకుతో పైకి దింపడం ఆయన పని. భార్య పోయింది. ఒక్కతే కూతురు, జయకుమారి, ఇరవై రెండేళ్ళది.

ఆ ఇంట్లో ఒక రహస్యం ఉంది. మూడేళ్ళుగా ఏసుదానం కళ్ళకి పొర కమ్మింది. కంచంలో అన్నం ఏ పక్కో, కూర ఏ పక్కో వేలితో తడుముకుని తినే మనిషి వెంట్రుకంత గీత ఎలా గీస్తాడు? గీయడం లేదు. ఇంటి దగ్గరైతే ప్రశాంతంగా చేసుకుంటానని చెప్పి పని ఇంటికి తెచ్చేవాడు. గీసేది జయకుమారి. ఎనిమిదో తరగతితో బడి మానేసిన పిల్ల — తండ్రి పారేసిన గుడ్డముక్కల మీద ఇంగ్లీషు అక్షరాలు దిద్ది దిద్ది, స్కేలు లెక్కలు తనకు తానే నేర్చుకుని, ఆయన కన్నా శుభ్రంగా గీసేది. గీశాక కింద మూల 'వై.డి.' అని తండ్రి పొడి అక్షరాలు వేసేది. తన పేరు రాసుకునే చోటు ఏ నక్షాలోనూ ఉండేది కాదు.

ఆయన రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళు. ఈలోగా ఆఫీసులో తెలిసిందా, ఉద్యోగంతోపాటు నెత్తి మీద కప్పూ పోతుంది.

ఆ వేసవిలో ఏసుదానం చంకలో పెద్ద చుట్ట పెట్టుకుని వచ్చాడు. మూడు పాత షీట్లు. పిలుపు మైదానంలో కొత్త క్వార్టర్లు కడతారట. ఇదివరకు వేరే చోట పూడ్చిన చెరువు మీద గోడలు లేపితే వానలకి బీటలిచ్చాయని, ఈసారి ముందే చూసుకోమన్నారట. పాత నక్షాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఆ నేల ఎప్పుడెలా ఉండేదో, ఏం పూడిందో, ఏం మిగిలిందో ఒక్క గుడ్డ మీదికి దింపాలి. పాతవి చుక్కల గీతలతో, కొత్తవి నిండు గీతలతో.

జయకుమారి రెండు స్టూళ్ళ మధ్య కిటికీ అద్దం పరిచి, కింద లాంతరు పెట్టి, షీట్లు పైన వేసింది. మూడింటిలోనూ కదలకుండా ఉన్న గుర్తులు వెతికి పట్టుకుంది — రైలు కల్వర్టు మూల ఒకటి, సరిహద్దు రాయి ఒకటి, పట్టాల వంపు ఒకటి. ఆ మూడూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అప్పుడు కింది వెలుగులో ముప్ఫై ఏళ్ళ కాలం ఒక్కసారి పైకి తేలింది.

పందొమ్మిదివందల పన్నెండో సంవత్సరం షీట్లో ఊరుంది. చిన్న చిన్న పొలం గళ్ళు, నంబర్లు, చెరువు, కాలిబాట, బాట పక్కన గుండ్రంగా ఒక నుయ్యి. ఇరవై ఎనిమిదో సంవత్సరం షీట్లో ఊరు లేదు. చెరువు సగమైంది. పొలాల మీంచి పట్టాలు పోయాయి. కాలిబాట పక్కన కూలీ గుడిసెల వరస వచ్చింది. ఆ ఊరివాళ్ళు ఎక్కడికి పోయారో నక్షా చెప్పదు. దానికి మనుషులతో పని లేదు. నుయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది.

నలభై మూడో సంవత్సరం షీటు వేసింది. చెరువు లేదు. గుడిసెలు లేవు. నుయ్యీ లేదు. తెల్లటి ఖాళీ.

కింద మూల చూసింది. ట్రేసు చేసినవారు — వై.డి.

అది తను వేసిన వై.డి. కాదు. తండ్రి కళ్ళు బాగున్న రోజుల్లోది.

అడిగింది. పూడ్చేశారు, అన్నాడు ఏసుదానం. పూడ్చినప్పుడు మీరు చూశారా నాన్నా అంది. ట్రేసరు చూడక్కర్లేదు, వదిలెయ్యమన్నది వదిలెయ్యడమే, అన్నాడు. పూడ్చిన చెరువుకి చుక్కల గీత ఉంది, పూడ్చిన నూతికి లేదేం అని మళ్ళీ అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అది తేలకుండా నిద్రపోయే రకం కాదు ఆ పిల్ల. మర్నాడు స్కేలు పెట్టి వరండాలో తన అంగ కొలుచుకుంది — సరిగ్గా రెండడుగులు. నక్షా లెక్కన నుయ్యి కల్వర్టు మూల నుంచి ఉత్తరంగా మూడువందల నలభై అడుగులు. అంటే నూట డెబ్బై అంగలు. పగలు వెళ్తే ఆడపిల్ల చేతిలో ఆఫీసు నక్షా ఏమిటని అడుగుతారు. అడిగితే రహస్యం బయటపడుతుంది. అందుకని రాత్రి వెళ్ళాలి. పదింటి కూత అయ్యాక అయితే, దెయ్యం పుణ్యమా అని అడిగేవాడుండడు.

దెయ్యాలు లేవని పాస్టరుగారు చెప్పేవారు. జయకుమారి నమ్మింది కూడా — మైదానంలో కాలు పెట్టేదాకా.

ఒకటి... రెండు... మూడు. పెదాల మీద లెక్కా ప్రార్థనా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. యాభై. ముళ్ళు చీర పట్టి లాగాయి. నూరు. వెనక లైన్లలో దీపాలు చిన్నవైపోయాయి. నూట నలభై... నూట అరవై... నూట అరవై మూడు —

"ఆగు."

ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది. గాలి లేదు. ఆకు కదల్లేదు.

"ఎడం కాలు ఏయకు... కుడేపు తిరుగు... అలాగ... పదడుగులు నడు."

నడిచింది. నడవకపోతే ఏమవుతుందో తెలీక నడిచింది. "ఇప్పుడు నా ఏపు... మెల్లగా..." మళ్ళీ తిరిగింది. మళ్ళీ పది అంగలు. అలా తిరుగుతుంటే మెదడులో ఏ మూలో ట్రేసరు బుద్ధి మేలుకుంది — ఈ గొంతు తనని ఎటూ లాక్కుపోవడం లేదు. దేని చుట్టూతానో తిప్పుతోంది. గుండ్రంగా.

అంతలో ఫ్యాక్టరీ వెనక, ఇనుము తీయగా మిగిలిన కాలిన చిట్టెం పోసినట్టున్నారు, ఆకాశం భగ్గున ఎర్రబడింది.

నాలుగడుగుల దూరంలో బూడిద నేల కుంగి ఉంది. పొదల కింద పట్టాల దుంగ ఒకటి కుళ్ళి, సగం విరిగి వేలాడుతోంది. దాని పక్కన నల్లటి నోరు. అందులోంచి చల్లగా, పాచి నీళ్ళ వాసన.

అవతలి అంచున గోనెపట్టా కప్పుకుని ఒక ముసలిది కూర్చుని ఉంది.

"బయపడకమ్మా. నాను దెయ్యాన్ని కాదు. నూకమ్మంతారు. పగలు ఇంజను బూడిదలో బొగ్గేరుకుంతాను."

"మరి రాత్రి?"

"రేతిరి మా గుంటడి కాడ కూకుంతాను."

ఎర్రటి వెలుగు తగ్గి మళ్ళీ చీకటైంది. ఆ చీకట్లోనే నూకమ్మ చెప్పింది. కొడుకు పోలరాజు, పందొమ్మిదేళ్ళవాడు, కాంట్రాక్టు పనిలో ఖలాసీ. యుద్ధం రోజుల్లో గుడిసెలు పీకేసి, నుయ్యి పూడ్చమని కాంట్రాక్టరుకి ఇచ్చారు. ఆయన పూడ్చలేదు. పైన పాత దుంగలు పరిచి, బూడిద జల్లించి, పూడ్చినట్టు కాగితం ఇచ్చేశాడు. ఆ యేడు మొదటి వానకే దుంగ మెత్తబడింది. పదింటి డ్యూటీ దిగి అలవాటైన బాటలో వస్తున్న కుర్రాడు ఇంటికి చేరలేదు. నూతి అంచున వాడి చెప్పు దొరికింది, ఒక్కటే.

"పెద్దోల కాళ్ళట్టుకున్నానమ్మా. దిగి సూడమన్నాను. నక్షా తెచ్చి నా ముందు పరిసీసినారు. ఇక్కడ నుయ్యే నేదన్నారు. మీవోడు పారిపోయుంతాడన్నారు. కాయితం మీద నేని నూతిలోకి ఎవులు దిగుతారమ్మా."

జయకుమారి ఎందుకిలా పిలుస్తావని అడిగింది.

పిలవడం కాదంది నూకమ్మ. తోవ చెప్పడం. కంచె వేస్తే పొయ్యిలోకి పట్టుకుపోయారు. రాళ్ళు పేర్చితే గోడలకి పట్టుకుపోయారు. పగలు నిలబడి నుయ్యుందని చెప్తే పిచ్చిదన్నారు. "పిచ్చిదాని మాట ఇనరు. దెయ్యం మాటయితే ఇంతారు. ఇన్నోడు సుట్టూ తిరిగెల్లిపోతాడు. అదే గావాల నాకు. ఒక్కడు పోయినాడు, సాలు." పదిహేనేళ్ళలో మాట వినకుండా పరిగెత్తింది ఆదిబాబొక్కడేనట. ఆ రాత్రంతా అతను నూతిలోకి జారకుండా చొక్కా పట్టుకుని కూర్చుందట.

తర్వాత అడిగింది — ఎవరి పిల్లవమ్మా నువ్వు అని.

పంతులమ్మ కూతుర్నని చెప్పింది జయకుమారి. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో, తర్వాత ఎన్నో రాత్రులు దానికే సిగ్గుపడింది.

చేతిలో ఆ కాగితం ఏమిటంది నూకమ్మ. పాత నక్షా అంది. ముసలిది నూతి చుట్టూ తిరిగొచ్చి పక్కన కూర్చుంది.

"అందులో ఉన్నాదా... నుయ్యి?"

"ఉంది."

"నా ఏలు పెట్టమ్మా, దాని మీద."

ఆ చీకట్లో ఏ గీతా కనపడదు. అయినా జయకుమారి మోకాళ్ళ మీద కూర్చుని, మూల నుంచి జానలు వేసుకుంటూ కొలిచి, బొగ్గుమసి పట్టిన ఆ వేలు తెచ్చి గుండ్రం మీద ఆనించింది. నూకమ్మ వేలు తియ్యలేదు. పసిపిల్ల నుదురు తడిమినట్టు చాలాసేపు అక్కడే ఉంచింది.

కొత్త నక్షాలో కూడా ఉంటుందని మాటిచ్చి లేచింది జయకుమారి.

ఇంటికొచ్చేసరికి ఏసుదానం మంచం మీద కూర్చుని ఉన్నాడు. బురద కాళ్ళ చప్పుడు విని అంతా గ్రహించాడు. జయకుమారి ఏమీ దాచలేదు. పోలరాజు పేరు చెప్పింది. ఆ నక్షా తెచ్చి తల్లి ముందు పరిచినప్పుడు మీరెక్కడున్నారని అడిగింది.

అక్కడే ఉన్నాడట. పిలిచి అడిగారట.

"నక్షాలో లేదన్నాను," అన్నాడు ఏసుదానం. "నుయ్యి లేదని అనలేదు."

ఆ మాట ఆయన పదిహేనేళ్ళుగా తనలో తాను అనుకుంటూ, అరగదీసి నున్నగా చేసుకున్న మాటలా ఉంది. జయకుమారి లాంతరు వెలిగించి, అద్దం పరిచి, ఇంకు పట్టేలా గుడ్డ మీద సుద్దపొడి రుద్ది, కూర్చుంది. ఊరు దింపింది. చెరువు దింపింది. గుడిసెలు దింపింది. చివరికి, కల్వర్టు మూల నుంచి కొలిచి, చుక్క చుక్కగా నుయ్యి దింపింది. దాని పక్కన నుయ్యి అని ఇంగ్లీషులో రాసింది. అంత అందంగా ఎప్పుడూ రాయలేదు. ఇంకు ఆరడానికి వదిలి, అక్కడే నేల మీద ఒరిగింది.

మెలకువ వచ్చేసరికి తెల్లారింది. ఎక్కడో ఎలుక కొరుకుతున్నట్టు చప్పుడు.

ఏసుదానం గుడ్డ ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. చేతిలో బ్లేడు. ట్రేసర్లు తప్పు పోయిన గీతని గీకేసేది దానితోనే. గీకిన చోటుని బొటనవేలి గోటితో నున్నగా రుద్దుతున్నాడు.

జయకుమారి వంగి చూసింది. ఊరుంది. చెరువుంది. గుడిసెల్లో ఒక్క గీత చెదరలేదు. నుయ్యి ఉన్నచోట మాత్రం ఏమీ లేదు. గుడ్డ చిరగలేదు, మరక లేదు.

ఎదురుగా ఉన్న కంచం కనపడని మనిషి. ఆరిన ఇంకు వేలికి తగులుతుంది, నిజమే. కానీ అన్ని వందల గీతల్లో ఆ ఒక్క గుండ్రాన్ని వెతుక్కోవాల్సిన పనే ఆయనకి పడలేదు. అది ఎక్కడుంటుందో ఆ వేలికి ఎప్పటినుంచో తెలుసు.

"ఇది చూస్తే అప్పుడెందుకు వదిలావని నన్నే అడుగుతారు. రెండేళ్ళమ్మా," అన్నాడు. "నేను దిగిపోయాక నీ ఇష్టం."

మళ్ళీ గీయడానికి పది నిమిషాలు చాలు. ఇంకు సీసా మూత తీసే ఉంది. కలం పక్కనే ఉంది. జయకుమారి ఆ సీసా వైపు చూస్తూ కూర్చుంది. క్వార్టరు ఖాళీ చేయించే మనుషులు కళ్ళ ముందు కనిపించారు. రోడ్డు మీద పెట్టిన తట్టాబుట్టా, వాటి పక్కన తడుముకుంటున్న తండ్రి కనిపించారు. కాసేపటికి చెయ్యి చాపి సీసాకి మూత పెట్టింది. బ్లేడు పట్టింది తండ్రే. మూత పెట్టింది మాత్రం తను.

గుడ్డ ఆఫీసుకి పోయింది. ముసలాయన చెయ్యి ఇంకా ఎంత నిలకడగా ఉందో చూడండని అక్కడ మెచ్చుకున్నారట. పాత షీట్లు బీరువాలోకి పోయాయి. వాటిని మళ్ళీ ఎవరు తీస్తారు?

వానలు వెలిశాక పునాదులని, ముందుగా మైదానం అంచున కూలీలకి గుడిసెలు లేచాయి. కాపలావాళ్ళు వచ్చారు. మొదటి వారంలోనే ఒక రాత్రి టార్చిలైటు వేసి దెయ్యాన్ని పట్టుకున్నారు. తీరా చూస్తే బొగ్గేరుకునే ముసలిది. ఇన్నాళ్ళూ దీనికా భయపడ్డామని లైన్లన్నీ పగలబడి నవ్వాయి. నూకమ్మ వాళ్ళని చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి నుయ్యి చూపించింది. ఈ మైదానం నిండా గోతులే, ఇదీ ఒకటి అన్నారు. కావాలంటే నక్షా చూడమన్నారు. శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకి టిక్కెట్టు కొనిచ్చి టాటానగర్ స్టేషన్లో బండెక్కించేశారు. బండి కదులుతుంటే కూడా, ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళకి — కుడేపు, కుడేపు — అని చెబుతూనే ఉందట.

దెయ్యం లేదని తేలిపోయింది. ఇంకేం, పదింటి కూత కాగానే జనం మైదానానికి అడ్డంపడి నడవడం మొదలెట్టారు. పాటలు పాడుకుంటూ, ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటూ. జయకుమారి మంచం మీద పడుకుని ఆ పాటల్ని వినేది. గొంతు ఎంత దూరంలో ఉందో చూసుకుని అంగలు లెక్కపెట్టేది. నూట అరవై... నూట అరవై ఒకటి... పాట ఆగితే ఊపిరాగేది. మళ్ళీ అందుకునేదాకా.

మొదటి వాన పడింది.

వారం తర్వాత పొద్దున్నే కుళాయి దగ్గర బిందెల వరసలో, పక్క క్వార్టరు సింహాచలమ్మ కొత్త కబురు తెచ్చింది. దెయ్యాన్ని బండెక్కించేశామని మురిసిపోయారు గాని, ఎక్కించింది దెయ్యాన్ని కాదట. అసలుది అక్కడే ఉందట. నిన్న రాత్రి తన మొగుడు చెవులారా విన్నాడట. కాపలావాళ్ళు టార్చి వేసి వెతికినా దొరకలేదట.

"ఇది ముసల్ది కాదంట. వయసులో ఉన్న గొంతంట. మనోలు కనపడితే తెలుగులో సెప్తందంట, బీహారోలు కనపడితే హిందీలో సెప్తందంట. దాయే ముడో, దస్ కదమ్... కుడేపు తిరుగు, పదడుగులు, అని అడుగులు లెక్కెట్టి మరీ సెప్తందంట."

"దెయ్యం ఇస్కూలుకెల్లొచ్చినట్టుందే," అంది వరసలో ఒకావిడ. అందరూ నవ్వారు.

నవ్వి నవ్వి, ఏమే జయా, నువ్వేటంతావు అని సింహాచలమ్మ ఇటు తిరిగింది.

జయకుమారి నోరు తెరిచింది. గాలి తప్ప మాట రాలేదు. బొంగురుగా ఏదో గీసుకుపోయిన చప్పుడు.

"అదేటే, గొంతలాగైపోయింది?"

వానలో తడిశానని చేత్తోనే సైగ చేసి, నిండిన బిందె నడుముకెత్తుకుని కదిలింది. ఉన్న ఆ కాస్త గొంతూ రాత్రి పదింటికి కావాలి.